ముత్తమ్మ గట్టు దగ్గర నాలుగు రోజులు

కొడగు పోయొచ్చానంటే మా బెంగళూరు కాటన్‌పేటలో అందరూ అడిగేది జలపాతం చూశావా, ఏనుగుల్ని చూశావా అని. నేను ఆ రెండూ చూడలేదు. ఒక మట్టిగట్టును చూశాను. నాలుగు రోజులూ దాని చుట్టూనే తిరిగాను. జలపాతాల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను గట్టు సంగతే చెబుతాను.

మాది గోనెసంచులు, తాళ్లు, పీచు చాపలు అమ్మే అంగడి. నాన్న పోయాక నేనూ మా తమ్ముడు రవీ చూసుకుంటున్నాం. మూడు నాలుగేళ్లుగా పీచు వలలు కూడా తెప్పిస్తున్నాం. కొబ్బరి పీచును తాడుగా పేని, గళ్లు గళ్లుగా అల్లి చుట్టలు చుట్టిన సరుకు అది. ఏటవాలు నేల మీద పరిచి కట్టె మేకులు కొడితే, గడ్డి వేళ్లు దిగేదాకా వాన మట్టిని కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. తరవాత తానే కుళ్లి నేలలో కలిసిపోతుంది. అమ్మడానికి ఇంత తెలిస్తే చాలనుకున్నాను.

మే నెలాఖర్లో ఒక పొద్దున కొడగు నుంచి ముత్తమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. కిందటేడు మా దగ్గర ఎనిమిది చుట్టలు తెప్పించుకున్న కాఫీ రైతు. కన్నడంలో మెల్లగా మాట్లాడింది.

“సరోజా, నువ్వు పంపిన వల చిరిగిపోయింది. మట్టి దిగుతా ఉంది. నీతో పోట్లాడాలని కాదు. ఒకసారి వచ్చి చూడు. చూసినాక నువ్వేం చెబితే అదే వింటాను.”

పోట్లాడి ఉంటే నాలుగు మాటలని ఫోన్ పెట్టేసేదాన్ని. నలభై ఏళ్లుగా నోటితోనే బతుకుతున్నదాన్ని నేను. కానీ నాకొక సంగతి గుర్తుంది. ఆమె లావు తాడు వల అడిగింది. ఆ వారం మా దగ్గర అది లేదు. సన్నతాడు వలే పంపి, సన్న రకం ధరే వేశాను. అదే పని చేస్తుందిలే అనుకున్నాను. ఆమెకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

రవి అడ్డం పడ్డాడు. “అక్కా, వానలు మొదలయ్యే టైమ్‌లో యాడికి పోతావు? మోకాళ్లు నొప్పి అంటా ఉండావు. ఫోటో పంపమని చెప్పు.”

“ఫోటోలో గట్టు కనిపిస్తాది గాని నేను చేసింది కనిపించదప్పా,” అని సంచి సర్దుకున్నాను.

బస్సులో సుజాత

బిడది దగ్గర తట్టె ఇడ్లీ తిన్నాను. పళ్లెమంత వెడల్పు, పైన వెన్నముద్ద, జత అరవై రూపాయలు. మా వీధిలో నలభైకే ఇస్తారని పక్కసీటామెతో అన్నాను. ఆమె నవ్వి, “గుంటూర్లో ఇంత వెడల్పు ఇడ్లీ ఎంత ఇచ్చినా దొరకదండీ,” అని తెలుగులోనే బదులిచ్చింది. పేరు సుజాత. మడికేరిలో నర్సు, అక్కడికొచ్చి తొమ్మిదేళ్లయిందట. బస్సు కదలగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అది అయ్యాక సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీసి చూపించింది. “ఇది లేకపోతే ఆ చలిలో నేను సర్వైవ్ కాలేనండీ.”

హుణసూరు దాటాక పొగాకు చేలు వచ్చాయి. మట్టి ఎర్రబడింది. నేను వెళ్లే పని చెబితే సుజాత నవ్వడం మానేసింది. కొన్నేళ్ల కింద ఆ వైపు కొండలు జారినప్పుడు తాను డ్యూటీలో ఉందట.

“కొండ ముందే చెబుతుందండీ. ఉన్నట్టుండి తలుపు బిగుసుకుపోతుంది. చెట్టు పక్కకి వంగుతుంది. తలుపు పాడైందని కార్పెంటర్‌ని పిలిచినవాళ్లున్నారు. మీరు చూసే ఇంట్లో తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో ఫస్ట్ అది చూడండి.”

కుశాలనగర దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నా చెవులు మూసుకుపోయాయి. సుజాత ఒక లవంగం ఇచ్చి నమలమంది. మడికేరిలో దిగేటప్పుడు గోంగూర సీసా నా సంచిలో పెట్టేసింది. వద్దంటే వినలేదు.

ముత్తమ్మ ఇల్లు

మా వీధిలో పక్కింటివాళ్లు తుమ్మితే మా ఇంట్లో చిరంజీవ అంటాం. ముత్తమ్మకు పక్కిల్లు అంటే ఎదుటి కొండ. పెంకుటిల్లు, ముందు రాతి మెట్లు, కాఫీ గింజలు ఎండబెట్టే సిమెంటు కళ్లం. ఆ కళ్లం తప్ప ఆమె అయిదెకరాల్లో చదునైన నేల ఎక్కడా లేదు. బియ్యం గింజ పెట్టినా దొర్లిపోయేట్టుంటుంది.

ఆమెకు అరవై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి. కొడగు పద్ధతిలో కుచ్చిళ్లు వెనక్కి పెట్టి చీర కట్టుకుంది, కాళ్లకు గమ్‌బూట్లు. భర్త పోయాక తోట తానే చూసుకుంటోంది. నన్ను కూర్చోబెట్టి బెల్లం వేసిన నల్లకాఫీ ఇచ్చింది. కాఫీ పండే చోట పాలు పోయకుండా తాగుతారని నాకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం బియ్యం రవ్వతో చేసిన ఉండలు, కోడికూర, వెదురు మొలకల కూర పెట్టింది. వెదురు మొలకను రెండు రోజులు నీళ్లలో నానబెట్టకపోతే కడుపు పట్టేస్తుందట. మా గోంగూర రుచి చూపిస్తే కళ్లు చికిలించి మరోసారి వేసుకుంది.

తిన్నాక ఇక ఆగలేకపోయాను.

“ముత్తమ్మా, నువ్వడిగింది లావు తాడు వల. నేను పంపింది సన్నది. సరుకు లేక పంపాను. నీకు చెప్పలేదు.”

ఆమె చేయి కడుక్కుంటూ, “తెలుసు,” అంది. “చుట్ట విప్పిన రోజే తెలిసింది. నేనూ ఆ రోజే ఫోన్ చేసి ఉండాల్సింది. మేకులు కొట్టడానికి కూలీలు వచ్చి కూర్చున్నారు, పని ఆగిపోతుందని పరిచేశాను. పద, ఇద్దరం పోయి చూద్దాం.”

అంత తేలికగా వదిలేస్తుందని నేననుకోలేదు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

గట్టు

ఇంటికి కిందుగా, కాఫీ చెట్ల మధ్య దారిలో పది నిమిషాలు దిగితే పనివాళ్ల ఇళ్ల వరస. నాలుగు గదుల్లో మూడు ఖాళీ. చివరిదాంట్లో గౌరి, ఆమె మొగుడు మారి ఉంటారు. ఇద్దరూ ముప్ఫై ఏళ్లుగా ముత్తమ్మ తోటలో పనిచేస్తున్నారు. ఇళ్ల వెనకే రెండు నిలువుల ఎత్తున ఎర్రమట్టి గట్టు. గోడలాగా నిలువుగా ఉంది. దాని మీద నా వల ముక్కలు ముక్కలై వేలాడుతోంది.

గట్టు కింద పసుపురంగు జేసీబీ పక్కన, ముత్తమ్మ పిలిపించిన ఒకతను బీడీ కాలుస్తున్నాడు. నేను వలను చేత్తో పట్టుకుని, “అయ్యో, ఇంత సన్నదా ఇది,” అని తెలుగులో పైకే అన్నాను.

“ఏ ఊరక్కా మీది?” అన్నాడతను.

పేరు ఓబులేసు. కదిరి పక్క పల్లె. కొండల్లో జేసీబీలు నడిపేవాళ్లలో సగంమంది మావాళ్లే అని గర్వంగా చెప్పుకున్నాడు. రెండేళ్ల కింద ఇళ్ల వెనక స్థలం పెంచడానికి గట్టును కోసింది తనే. ఈ మాట చెప్పేటప్పుడు బీడీ పారేశాడు.

“అప్పుడే చెప్పినానక్కా, ఇట్ల నిలువుగా కోస్తే నిలబడదు, మెట్లుమెట్లుగా కోయల్ల అని. మెట్లు కోస్తే పైన నలభై కాఫీ చెట్లు పోతాయన్నారు. సరేలే అని కోసేసినా. నాది గూడా తప్పే. దుడ్లు తీసుకోని చేతులు కడుక్కున్యా.”

ముత్తమ్మకు తెలుగు రాదు కానీ చెట్ల మాట అర్థమైంది. “నా మొగుడు అప్పుడు బతికున్నాడు. ఆ చెట్లు ఆయన నాటినవి,” అంది.

గట్టు పైకి ఎక్కాం. కొత్త చెప్పులు వేసుకుని రావడం నా మొదటి తప్పు. ఆకుల మీద కాలుపెట్టి చూడకుండా నడవడం రెండోది. ఒక్కసారిగా ఎడమకాలు మోకాలిదాకా నేలలోకి దిగిపోయింది. ఓబులేసు, ముత్తమ్మ చెరో చెయ్యి పట్టి లాగారు. పాదానికి మూడు జలగలు. ముత్తమ్మ నడుముకు కట్టుకున్న ఉప్పుమూట అద్ది వాటిని రాల్చింది. నేను పెట్టిన కేక ఎదుటి కొండదాకా పోయి ఉంటుంది.

నేను పడింది వాననీటి గుంతలో. అక్కడ అలాంటివి వరసగా ముప్ఫైదాకా ఉన్నాయి. ముత్తమ్మ కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమే, అత్తా కలిసి తవ్వారట. వాన నీళ్లు వాటిలో నిలిచి, మెల్లగా ఇంకి, కింద లోయలో ఊటగా పైకొస్తాయి. ఆ ఊట నీళ్లే ఎనిమిది ఇళ్లు తాగుతాయి. గుంతలు తవ్వకముందు మార్చికే ఎండిపోయేది. తవ్వాక ఏ ఎండాకాలమూ ఎండలేదు. ఈ మాటలు చెప్పేటప్పుడు ముత్తమ్మ గొంతులో ఒక ధీమా ఉంది.

ఓబులేసు ఆమె మాటలు వినడం లేదు. గుంతలకు దిగువన, గట్టు అంచుకు పది అడుగుల ఇవతల, ఆకులను కాలితో తోస్తున్నాడు. నేలలో పగులు. నా అరచెయ్యి నిలువునా పట్టేంత వెడల్పు. నెలవంకలాగా వంగి రెండువైపులా గట్టు అంచులోకి పోయింది. దాని అవతల ఉన్న సిల్వర్ ఓక్ చెట్టు కిందికి వంగి ఉంది.



“గుంతల్లో నిలిచిన నీళ్లు యాడికి పోతాయక్కా? దీంట్లోకే,” అన్నాడు ఓబులేసు. “వల కాదు, ఇనప చాప పరిచినా ఈ గట్టు నిలవదు. మొదట ఆ గుంతలు పూడ్చల్ల. ఆమెకు చెప్పు.”

నేను కన్నడంలో చెప్పాను. ముత్తమ్మ మొహం ఎర్రబడింది. “ఎనిమిది ఇళ్ల నీళ్లు అవి. మా అత్త చేతులు బొబ్బలెక్కి తవ్వింది. రేపు ఊట ఎండితే నువ్వొచ్చి నీళ్లు పోస్తావా?”

ఏమీ తోచక గౌరి ఇంటికి దిగి, సుజాత చెప్పిన పని చేశాను. వెనక తలుపు వేసి చూశాను. పడలేదు. పైన చౌకట్టుకు రాసుకుని ఆగిపోయింది.

“ఎప్పట్నుంచి ఇలా?” అని అడిగాను.

“ఉగాది నుంచి,” అంది గౌరి. “మొదట పైన రాసేది. మారి రెండుసార్లు చెక్కాడు. మళ్లీ బిగుసుకుంది.”

ముత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె తలుపు పట్టుకుని లాగింది, తోసింది, మళ్లీ లాగింది. తరవాత బయటికి పోయి గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని పైకి నడిచింది. మొదటి గుంత ఆమే పూడ్చింది.

పొదిగే కోడి

రెండో రోజు పొద్దుపోయేదాకా పని. పగులుకు పైన ఉన్న పదకొండు గుంతలు పూడ్చాం. పగులులో బంకమట్టి కూరి, దిమ్మిసతో కొట్టి, మీద టార్పాలిన్ కప్పాం. పై నుంచి వచ్చే వాన నీళ్లు అటు రాకుండా ఓబులేసు అడ్డంగా కాలువ తవ్వి పక్క వాగులోకి కలిపాడు. మిగతా గుంతలు పక్కకు, వాలు తక్కువున్న కొండ భుజం మీద ఉన్నాయి. వాటిని ఉంచేశాం. అదే భుజం మీద పూడ్చినవాటికి బదులు పదకొండు కొత్తవి తవ్వడానికి ముత్తమ్మే పార పట్టుకుని గుర్తులు గీసింది. నీళ్లు దాచుకోవాల్సిందే, అయితే ఎవరి నెత్తిన అన్నది చూసుకోవాలి. బెంగళూరులో మేం వాన నీళ్లను వీలైనంత తొందరగా మోరీలోకి తోసేస్తాం. వాటిని ఇంత ఆలోచించి నడిపించడం నేనెక్కడా చూడలేదు.

నేను రవికి ఫోన్ చేశాను. “లావు తాడు వల పన్నెండు చుట్టలు రేపటి లారీకి వెయ్యి. నాన్న పేరు చెప్పుకుని అమ్మిన సరుకప్పా, దీనికి బిల్లు రాయద్దు.”

మూడో రోజు పొద్దున మబ్బు పట్టింది. అసలు చిక్కు గౌరితో వచ్చింది. వాన వచ్చేలోగా ఇల్లు ఖాళీ చేసి పైకి రమ్మంటే మారి సామాను మూటగట్టాడు గాని ఆమె కదలనంది. “కోడి పొదుగుతా ఉంది. పదమూడు గుడ్లు. ఇంకో ఆరు రోజులుంటే పిల్లలవుతాయి. కదిపితే లేచిపోతుంది.”

ముత్తమ్మ బతిమాలింది, కేకలేసింది. గౌరి గడప మీద కూర్చుంది. అప్పుడు నేను నా గొంతు విప్పాను. “చూడు గౌరీ, నలభై ఏళ్లుగా గుడ్లబుట్టలకు గడ్డి, గోనె అమ్ముతున్నా. ఏ గుడ్డూ పగలకుండా, కోడి కన్ను తెరవకుండా నేను మోసుకొస్తా. నా మాట నమ్ము.” నిజానికి నా జన్మలో పొదిగే కోడిని ముట్టుకోలేదు.

గోనె సంచి కోడి మీద మెల్లగా కప్పి, చీకటైందని అది నమ్మాక, బుట్టతో సహా లేపాను. అది సంచి లోపల్నుంచే నా మణికట్టును పొడిచింది. రక్తం కారుతుంటే కొండదారిన ఎక్కుతున్నాను. వెనకాలే గౌరి, “మెల్లగా, మెల్లగా,” అంటూ. ముత్తమ్మ కాఫీ గోదాములో ఒక మూల దించాం. కోడి రెక్కలు సర్దుకుని మళ్లీ కూర్చుంది. గౌరి నా చేతికి పసుపు అద్దింది.

వాన

మధ్యాహ్నం భోజనాలవుతుండగా వాన మొదలైంది. మా ఊరి వాన కాదది. చినుకులు లెక్కపెట్టేట్టు ఉండవు, ఆకాశం మొత్తం ఒకేసారి దిగుతుంది. రెండు గంటలు వరండాలో నిలబడి చూశాం. కాలువ నిండుగా పారుతోంది, వాగులోకే పోతోంది. ఓబులేసు దాన్ని చూసి మీసం తడుముకున్నాడు.

నాలుగు దాటాక కిందినుంచి చప్పుడొచ్చింది. లారీలోంచి కంకర దించినట్టు, కొంచెం ఎక్కువసేపు. గొడుగులు కూడా తీసుకోకుండా పరుగెత్తాం.

గట్టులో మూడోవంతు జారింది. సిల్వర్ ఓక్ చెట్టు వేళ్లతో సహా కిందికొచ్చి అడ్డంగా పడి ఉంది. గౌరి వంటగది లేదు. వెనక గోడ లోపలికి పడి, మట్టి కిటికీ ఎత్తున నిండింది. పొయ్యి ఉన్న చోటు ఇదీ అని చెప్పలేం. ముందుగది నిలబడే ఉంది. బిగుసుకున్న తలుపు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

కొడవలి గోడకు వేలాడుతోందని మారి తీసుకోబోయాడు. ఓబులేసు అతని భుజం గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. “ఇంకా దిగుతాది. వద్దు.”

గౌరి ఏడవలేదు. తడిసిన కొంగుతో మొహం తుడుచుకుంది. “ఈ వేళకు రోజూ అన్నం వండుతా ఉంటాను,” అంది. తరవాత దారి మీదే కూర్చుంది. ముత్తమ్మ వెళ్లి ఆ బురదలోనే పక్కన కూర్చుంది. నా వల గట్టిదై ఉంటే ఈ గట్టు ఆగేదా అని ఓబులేసును అడిగాను. “ఆగేది కాదక్కా,” అన్నాడు. జారిన మట్టిని చూస్తూ, “కానీ పైన మట్టి కోసుకుపోకుండా ఉంటే పగులు ఇంత తొందరగా పెరిగేది కాదేమో,” అన్నాడు. ఆ రెండో మాట నేను బాధపడతానని దాచకుండా చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం పెరిగింది.

మిగతా గట్టు నిలిచింది. కాలువ లేకపోతే, గుంతలు నిండి ఉంటే, మొత్తం వచ్చేసి ముందుగదిని కూడా తుడిచిపెట్టేదని మరునాడు చూడ్డానికొచ్చిన పంచాయతీ వాళ్లూ అన్నారు.

కళ్లం మీద

నాలుగో రోజు వాన తెరిపిచ్చింది. ఊట నీళ్లు ఎర్రగా వచ్చి, మధ్యాహ్నానికి తేటపడ్డాయి. రవి పంపిన చుట్టలు దిగాయి. ఓబులేసు మిగిలిన గట్టును మూడు మెట్లుగా కోయడానికి కొలతలు వేశాడు. ఈసారి కాఫీ చెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మెట్ల మీద వలలు పరిచి, గళ్లలో వట్టివేరు పిలకలు నాటాలి. ఎలా పరవాలో, మేకులు ఎంత దగ్గరగా కొట్టాలో ఒక చుట్ట విప్పి నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు మా అంగట్లో ఎవరైనా వల అడిగితే వాలు ఎంత, పైన నీళ్లు ఎటు పోతాయి, కింద ఎవరుంటారు అని అడిగి గాని చుట్ట తీయడం లేదు. రవి విసుక్కుంటాడు. విసుక్కోనీ.

నా బస్సు మూడు గంటలకు. సంచి భుజాన వేసుకుని బయటికొస్తే ముత్తమ్మ కళ్లం మీద తాడు పట్టుకుని నిలబడి ఉంది. రెండో కొస మారి చేతిలో.

“ఏం చేస్తున్నావు?”

“ఇల్లు కొలుస్తున్నా,” అంది. “గట్టును ఎంత బాగా కట్టినా, కింద మనిషిని పెట్టి దాన్ని పరీక్ష చేయకూడదు. ఆ ఇళ్లు అక్కడ కట్టింది మా మామ. ఇక అక్కడ ఎవరూ ఉండరు. సగం కళ్లం వీళ్ల పేర రాసిస్తాను. కాఫీ మిగతా సగంలో ఎండుతుంది, రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతేగా.”

ఆ కొండ మీద ఉన్న ఒక్క చదును నేల అది. దాని విలువ ఎంతో తెలిసి కూడా ఆమె ఆ మాట ఉప్పు ఇచ్చినంత తేలికగా అంది. మారి తాడు వదిలేసి తల వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

“నిలబడు గౌరీ, వంటిల్లు ఎటో చెప్పు,” అంది ముత్తమ్మ.

గౌరి చెప్పులు విడిచి కళ్లం మీదికి వచ్చింది. తూర్పువైపు నాలుగడుగులు వేసి, అక్కడ ఆగి, పొయ్యి ముందు కూర్చున్నట్టు గొంతుక్కూర్చుంది. తరవాత మెడ తిప్పి వీపు వెనక్కి చూసుకుంది. అక్కడ గట్టు లేదు, చెట్టు లేదు. దూరంగా ఎదుటి కొండ, మధ్యలో అంతా వెలుతురు.

“ఇక్కడే,” అంది.